సాగనంపిన ఆదివారం

తాడేపల్లిగూడెం,
9 ఫిబ్రవరి 2025.

నా తల్లి నిరీక్షణకు, మేనత్త దీవెనమ్మ దీవించి రాస్తున్నది.

ఇవాళ చర్చి గేటుకి నిన్ను కట్టారు. కంగారు పడకు, ఫ్లెక్సీ సంగతి చెబుతున్నాను. వచ్చే నెల మిషనరీ ఆదివారం కదా, దానికి. నీ ముఖం బండి చక్రమంత ఉంది. పక్కన ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు. “ఎవరండీ ఈ బాబు, మా నిరీక్షణ పనిచేసే ఆస్పత్రిలో వాడా?” అని అడిగాను. “కాదండీ, ఇంటర్నెట్‌లో దొరికాడండీ” అన్నారు సంఘపెద్ద జగ్గారావుగారు. పాస్టరు అయ్యగారి ఫొటో నీ ఫొటోకి పైన ఉంది. నీకంటే కొంచెం పెద్దది కూడా.

మిషను రోజుల నుంచి నలభై ఏళ్లు ఊరూరా తిరిగి వాక్యం చెప్పినదాన్ని. కొల్లేరు లంకల్లో మోకాలిలోతు బురదలో నడిచాను. నాకు ఒక్క ఫొటో లేదు. లేదని ఏడవడం కాదు. ఈ ఫొటోల పిచ్చి చూస్తే ఏవగింపు పుడుతోంది, అంతే.

జగ్గారావుగారు నీకు ఒక మాట రాయమన్నారు. అక్కడి రోగుల ఫొటోలు పంపాలట. “ముఖాలు దగ్గరగా ఉండాలండీ, కళ్లలో నీళ్లు కనపడాలి. అప్పుడే మనవాళ్ల మనసు కరుగుతుంది” అన్నారు. మనవాళ్ల మనసు కరగాలంటే అవతలివాళ్లు ఏడవాలి కాబోలు. పంపుతావో లేదో నీ ఇష్టం. చెప్పమన్నారు, చెప్పాను.

నీ తమ్ముడు ఉదయ్ కిరణ్ లంకలో ఇంటికి తాళం పెట్టి నా దగ్గరే ఉంటున్నాడు. తెల్లారి బండి మీద చేపల చెరువులకి పోతాడు, సాయంత్రం వస్తాడు. చేపలకి మేతగా కోళ్ల వ్యర్థాలు తెచ్చి పోస్తున్నారట ఆ చెరువుల వాళ్లు. వాడి చొక్కా వాకిట్లో ఉండగానే వాసన వంటింట్లోకి వస్తుంది.

సలోమి సంగతి మళ్లీ అడిగావు. ఎన్నిసార్లు చెప్పను? బిడ్డ దక్కలేదన్న దిగులుతో ఆ పిల్ల మనసు విరిగింది. ఉదయ్‌కీ తనకీ పొసగలేదు. చింతలపూడిలో పుట్టింట్లో ఉంది, రానంటోంది. మొగుడూ పెళ్లాల మధ్య మనమెందుకు? మరదలి గురించి ఆలోచిస్తూ నీ పని పాడుచేసుకోకు.

ఆగస్టుకి నీకు అక్కడ రెండేళ్లు నిండుతాయి. ఇంకో మూడేళ్లకి సంతకం పెట్టావా? పెట్టు. ఫోన్ మాత్రం చేయకు. నాకు వినపడి చావదు, ఉదయ్ స్పీకర్లో పెడితే వీధంతా వింటుంది. ఉత్తరమే రాయి.

నీ అత్తయ్య,
దీవెనమ్మ.


మంగోచి, మలావీ,
6 మార్చి 2025.

అత్తయ్యకి వందనాలు.

మీ ఉత్తరం వెల్లూరు నుంచి వచ్చిన డాక్టరమ్మ తెచ్చి ఇచ్చారు. ఫ్లెక్సీ గురించి చదివి నవ్వుకున్నాను, తరవాత నాకూ ఏవగింపు పుట్టింది. ఫొటోలు పంపను. జగ్గారావుగారికి ఏడుపు ముఖం కావాలంటే అద్దంలో చూసుకోమనండి.

అత్తయ్యా, మీతో ఒక సంగతి చెప్పాలి. మీరు తిడతారని ఇన్నాళ్లూ రాయలేదు. ఇక్కడి రోగులంటే నాకు అసహ్యం వేస్తోంది.

నా వార్డులో పద్దెనిమిది మంచాలు. అందరూ ఆడవాళ్లే. కాన్పు రోజుల తరబడి కష్టమై లోపల చిరిగి రంధ్రం పడినవాళ్లు. బిడ్డ చచ్చి పుడుతుంది. ఆ తరవాత మూత్రం కారుతూనే ఉంటుంది, ఆపుకోవడం వాళ్ల చేతిలో ఉండదు. నేను వార్డులోకి వెళ్లేముందు ముక్కు కింద బామ్ రాసుకుంటాను. మొదటి నెలల్లో వంటశాల వెనక్కి వెళ్లి వాంతి చేసుకునేదాన్ని. అలవాటవుతుందన్నారు. ఏడాదిన్నర దాటినా అలవాటు కాలేదు. పొద్దున ప్రార్థనలో కళ్లు మూసుకుంటే వాసన ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

కిందటి నెల ఫైనెస్ అనే అమ్మాయి వచ్చింది. ఇరవై రెండేళ్లు. నాలుగు రోజులు నొప్పులు పడిందట. తరవాత అత్తగారు ఆమెని ఇంట్లోంచి మేకల కొట్టంలోకి మార్చింది. ఏడు నెలలు అక్కడే ఉంది. ఆస్పత్రికి వస్తూ తన ప్లాస్టిక్ పట్టా తానే తెచ్చుకుంది, మా మంచం పాడవుతుందని. నేను దుప్పటి మార్చడానికి వెళితే నాకంటే ముందే లేచి గోడకి ఆనుకుని నిలబడి, “క్షమించండి సిస్టర్” అంది. నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని ఆమెకి తెలిసిపోయింది. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

ఆ అత్తగారు చూడటానికి వచ్చింది. చర్చిలో ముందు వరసలో కూర్చుని పాటలు ఎత్తుకునే మనిషట. తెల్లటి బట్టలు, చంకలో పాటల పుస్తకం. గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆవిణ్ణి చూస్తే పుట్టిన రోత ఈ వాసనకి కూడా పుట్టలేదు నాకు.

ఇక్కడి సిస్టర్ ఒకామె అడిగింది, మీ దేశంలో ఇలాంటి రోగులు ఉన్నారా అని. “మా వైపు లేరు. ఊరూరా ఆశా కార్యకర్తలు ఉంటారు, ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది” అన్నాను. గర్వంగానే అన్నాను.

సంతకం ఇంకా పెట్టలేదు. అసహ్యపడే మనిషి సేవ ఏం చేస్తుంది అత్తయ్యా? మీరే చెప్పండి.

మీ
నిరీక్షణ.


తాడేపల్లిగూడెం,
2 ఏప్రిల్ 2025.

నిరీక్షణకు అత్తయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. స్త్రీల సమాజంలో చదివి వినిపిస్తానని ముందే మాటిచ్చాను కాబట్టి మొదలుపెట్టాను. సగంలో ఆపేశాను. కళ్లజోడు సరిగా లేదని చెప్పాను. ఇకమీదట ఇలాంటివి రాయకు. వానల గురించి రాయి, పంటల గురించి రాయి, ఎంతమంది ప్రార్థనకి వస్తున్నారో రాయి.

అసహ్యం వేస్తే వేసింది. కడుపులో తిప్పినంత మాత్రాన చేతులు పడిపోవు కదా. పనిచేస్తున్నావు, చాలు. సంతకం పెట్టు.

ఆ మేకల కొట్టం అత్తగారిని అంత మాట అనడం మంచిది కాదు. ఆవిడకి ఏం ఇబ్బందులున్నాయో. వచ్చేపోయే చుట్టాలుంటారు, ఇల్లన్నాక పరువుంటుంది. మనం చూడని ఇంటి గురించి మనకెందుకు?

ఎండలు ముదిరాయి. ఉదయ్ బాగానే ఉన్నాడు.

ఊరికే అడుగుతున్నాను, ఆ ఆపరేషన్ ఏడాది ఏడెనిమిది నెలలు గడిచాక కూడా చేస్తారా? చేస్తే పూర్తిగా ఆగిపోతుందా?

దీవెనమ్మ.


మంగోచి,
28 ఏప్రిల్ 2025.

అత్తయ్యా,

మీరు ఊరికే ఏదీ అడగరు. చిన్నప్పుడు “ఊరికే అడుగుతున్నాను, ఆ పలక ఎవరు పగలగొట్టారు” అని మీరంటే నేనూ ఉదయ్ గోడకి అతుక్కుపోయేవాళ్లం.

ఏడాది కాదు, రెండేళ్లు కాదు. ఏడాది ఏడెనిమిది నెలలు. వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టాను. నేను ఇక్కడికి బయల్దేరిన నెల వచ్చింది. సలోమి బిడ్డ పోయిన నెల కూడా అదే.

మీ ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. బిడ్డ దక్కలేదని ఒక్క వాక్యం రాశారు. ఎక్కడ పురుడు పోశారో రాయలేదు. ఎన్ని గంటలు నొప్పులు పడిందో రాయలేదు. సలోమికి నేను రాసిన మూడు ఉత్తరాలకి జవాబు రాలేదు. మీకు పంపితే అందజేస్తానన్నారు, అందజేశారా?

ఆపరేషన్ చేస్తారు. పదేళ్లు గడిచినా చేస్తారు. ఫైనెస్‌కి ఈ నెల మొదట్లో చేశారు. మూత్రానికి పెట్టిన ట్యూబు తీసిన మర్నాడు తన పట్టా తానే మడిచి నా చేతికిచ్చి, “ఇది ఇంకెవరికైనా ఇవ్వండి” అంది.

నాకు కథలు వద్దు. ఎండల గురించి వద్దు. సలోమికి ఏమైందో రాయండి. రాసేదాకా సంతకం పెట్టను.

నిరీక్షణ.


తాడేపల్లిగూడెం,
25 మే 2025.

నిరీక్షణా,

దీవించి రాసే ముఖం ఇవాళ లేదు నాకు. నేరుగా మొదలుపెడుతున్నాను.

అవును, సలోమికే.

నిన్ను సాగనంపిన ఆదివారం సలోమి ఎందుకు రాలేదని అడిగావు. పురిటికి పుట్టింటికి వెళ్లిందన్నాను. తొలికాన్పు పుట్టింట్లోనే కదా, నమ్మావు. ఆ పిల్ల ఎక్కడికీ వెళ్లలేదు. నిన్ను పంపాక పుట్టింటికి తీసుకెళ్దామని లంకలోనే ఉంచాం. నెలలు పూర్తిగా నిండకుండానే, శనివారం సాయంత్రం నొప్పులు మొదలయ్యాయి.

ఉదయ్ అప్పటికే షామియానా పనులకని గూడెం వచ్చేశాడు. పక్కింటి అచ్చాయమ్మ ఫోన్ చేసింది. వాడు వెంటనే చెప్పులేసుకున్నాడు. వానలు పడి లంక దారి మునిగింది. పడవలో గట్టుకి చేరిస్తే అక్కడికి అంబులెన్సు వస్తుంది. అదంతా తెలుసు నాకు. తెలిసే అన్నాను. “తొలిచూలు కదరా, రెండు రోజులు పడుతుంది. అచ్చాయమ్మ పది కాన్పులు చూసిన మనిషి. అక్కని విమానం ఎక్కించి వెళ్దువుగాని. నువ్వు కనపడకపోతే అది అడుగుతుంది. తెలిస్తే లంకకి పరిగెడుతుంది, నర్సు కదా. ఇంక దాని ప్రయాణం ఆగిపోయినట్టే.” వాడు చెప్పులు విప్పేశాడు.

ఎందుకన్నానో కూడా రాస్తాను. నా చిన్నతనంలో దొరసానమ్మలు ఓడలెక్కి వచ్చి మనవాళ్ల పుళ్లు కడిగారు. ఎప్పటికైనా మన ఇంట్లోంచి ఒకరు అలా పైదేశం వెళ్లాలని మొక్కుకున్నాను. నాకు పిల్లలు లేరు. మీ అమ్మానాన్న పోయాక మిమ్మల్నిద్దర్నీ పెంచి, నీకు నర్సింగ్ చెప్పించింది ఆ మొక్కు కోసమే. తీరే రోజు వచ్చేసరికి సలోమి అడ్డం వచ్చిందనిపించింది. నొప్పులు పడుతున్న పిల్లని “అడ్డం” అనుకున్నాను.

ఆదివారం ఆరాధన, దండలు, బిర్యానీ. నీ నెత్తి మీద చెయ్యి పెట్టి గొప్పగా ప్రార్థన చేశాను, అందరూ ఏడ్చారు. సోమవారం గన్నవరంలో నిన్ను విమానం ఎక్కించాం. మంగళవారం పొద్దున ఉదయ్ లంకకి వెళ్లాడు. గట్టు దాకా పడవ, అక్కణ్ణుంచి అంబులెన్సు. ఆస్పత్రిలో బిడ్డని బయటికి తీశారు. ఆడపిల్ల. అప్పటికే ప్రాణం లేదు.

పదిరోజుల్లో కారడం మొదలైంది. మళ్లీ ఆస్పత్రికి తీసుకెళ్లమని సలోమి నన్ను బతిమాలింది. తగ్గిపోతుంది, ప్రార్థన చేద్దాం అన్నాను. దీనికి వైద్యం ఉందని నాకు తెలియదు. తెలుసుకోవాలనుకోలేదు కూడా. డాక్టరు దగ్గరికి వెళితే ఎన్ని రోజులు నొప్పులు పడిందని అడుగుతారు.

ఆ క్రిస్మస్‌కి చుట్టాలు వచ్చారు. ఆ పిల్ల ఉతికిన చీర కట్టుకుని వచ్చి నా కుర్చీలో కూర్చుంది. లేవగానే ఆ కుర్చీని పెరట్లోకి పంపి, డెట్టాలు వేసి కడిగించాను. తను చూస్తూనే ఉంది. మర్నాడు ఉదయ్ చింతలపూడిలో దింపి వచ్చాడు. పొసగలేదన్న మాట నేను కట్టిందే. నీ మూడు ఉత్తరాలూ నా పెట్టెలో ఉన్నాయి.

ఫైనెస్ అత్తగారిని చూస్తే రోత పుట్టిందని రాశావు. ఎవరిని అంటున్నావో నీకప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది, అను.

దీవెనమ్మ.


మంగోచి,
17 జూన్ 2025.

దీవెనమ్మగారికి,

అత్తయ్య అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ రోజు మెడలో పడ్డ దండలు గుర్తొస్తే ఒళ్లంతా కడుక్కోవాలనిపిస్తోంది. నేను స్టేజి మీద నిలబడి “ఎవరూ వెళ్లని చోటికి వెళతాను” అని సాక్ష్యం చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ముప్పై మైళ్ల అవతల మా ఇంట్లో ఎవరూ వెళ్లని చోటు ఉంది. మీకు తెలుసు, నా తమ్ముడికి తెలుసు, బిర్యానీ వడ్డిస్తూ ఉన్నారు. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడట. ఆ గాజులు వేసుకుని రెండేళ్లుగా ఊరేగుతున్నది నేను.

ప్రార్థన అనే మాట మీ ఉత్తరంలో చదివినప్పుడు నిజంగానే వాంతి వచ్చింది. ఇన్నాళ్లూ ఈ ఆడవాళ్లని చూసి తిప్పిన కడుపు ఇప్పుడు వాళ్ల దగ్గర కూర్చుంటేనే కుదుటపడుతోంది.

ఉండబట్టలేక మొన్న ఆస్పత్రి ఫోన్ నుంచి మీ నంబరుకి చేశాను. ఉదయ్ ఎత్తాడు. “అక్కా, బాగున్నావా” అన్నాడు. పెట్టేశాను.

మా వైపు ఇలాంటివాళ్లు లేరని చెప్పాను కదా, ఆ సిస్టర్‌కి నిజం చెప్పాను. ఫైనెస్ ఇంకా ఇక్కడే ఉంది, కొత్తగా వచ్చేవాళ్లకి తోడుగా. తనూ విని ఒక్కటే అడిగింది: “ఆమెకి పడుకోవడానికి మంచం ఉందా?” మీరు చెప్పండి, ఉందా?

ఇందులో విడిగా ఒక కాగితం పెట్టాను. సలోమి పేరున రాశాను. జబ్బు పేరు, దానికి వైద్యం ఉందన్న సంగతి, డాక్టరుకి ఏం చెప్పాలో, అన్నీ రాశాను. మీరు చదివి చెప్పనక్కర్లేదు. ఆమె చేతికే ఇవ్వండి. అయ్యగారిని తీసుకెళ్లకండి. ఉదయ్‌ని తీసుకెళ్లకండి. ఎవరూ ప్రార్థన చేయనక్కర్లేదు. ముందు ఏలూరు తీసుకెళ్లండి.

నేను సంతకం పెట్టడం లేదు. ఆగస్టులో వచ్చేస్తాను. సలోమిని నేనే చూసుకుంటాను.

నిరీక్షణ.


ఏలూరు,
24 ఆగస్టు 2025.

నిరీక్షణా,

ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. ప్రయాణం నెల్లాళ్లు వాయిదా వేశావని ఆ వెల్లూరు డాక్టరమ్మ చేత కబురు పంపావు కదా. ఇది చదివాక ఏం చేస్తావో నువ్వే తేల్చుకో.

నీ కాగితం అందిన మూడో రోజు చింతలపూడి వెళ్లాను. సలోమి పుట్టింట్లో లేదు. ఊరి బయట పామాయిల్ తోటలో రేకుల షెడ్డులో ఉంది, ఒక్కతే. పొద్దంతా రాలిన గింజలు ఏరుతుందట. ఆరుబయట అయితే ఎవరూ ముక్కు మూసుకోరు కదా. మంచం లేదు. ఎరువుల సంచులు పరుచుకుని పడుకుంటోంది.

తోవ చూపించడానికి వచ్చిన వాళ్లమ్మ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఒక్కటీ అబద్ధం కాదు. సలోమి మాత్రం తిట్టలేదు. షెడ్డు గుంజకి ఆనుకుని, “మీ దేవుడి పని అయిపోయిందా పెద్దమ్మగారూ?” అంది. నీ కాగితం చేతికిచ్చాను. నిలబడే రెండుసార్లు చదువుకుంది. “ఇది తగ్గేదేనా?” అని నన్ను కాదు, కాగితాన్ని అడిగినట్టు అడిగింది. తరవాత లోపలికెళ్లి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. నా మాట విని వచ్చిందనుకోకు. నువ్వు రాసిన జబ్బు పేరు నమ్మి వచ్చింది.

బస్సులో పక్క సీటువాళ్లు లేచారు, ముందు సీటువాళ్లు కిటికీలు తీశారు. ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, “ఏవండీ, చంటిపిల్లలున్నారు, కాస్త వెనక్కి వెళ్లి కూర్చోండి” అంది, ఎంతో మర్యాదగా. ఆ మర్యాద నాది. ఆ క్రిస్మస్‌కి డెట్టాలు తెమ్మన్నప్పుడు నేనూ అంత మెత్తగానే అన్నాను. నాకూ వాసన వేసింది, అబద్ధమెందుకు. ఏలూరు దాకా రెండు గంటలు తన పక్కనే కూర్చున్నాను.

ఇక్కడ డాక్టర్ శకుంతలగారు చూశారు. అనుకున్నట్టే అడిగారు, “ఎన్ని రోజులు నొప్పులు పడిందండీ?” అని. సలోమి నా వైపు చూసింది. “శనివారం సాయంత్రం నుంచి మంగళవారం దాకానండీ. తీసుకురాకుండా ఆపింది నేనే” అన్నాను. ఆవిడ పెన్ను ఆపి నన్ను చూసిన చూపు నాకు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. జులై నెలాఖరున ఆపరేషన్ చేశారు. మూడు వారాలు ట్యూబు పెట్టి ఉంచారు. గొట్టం మడత పడకుండా చూడటం, సంచి ఖాళీ చేయడం నా పని.

ఎలా తెలిసిందో, జగ్గారావుగారు వచ్చారు. “పైదేశంలో వదిన సేవ చేస్తుంటే ఇక్కడ మరదలికి స్వస్థత! ఎంత సాక్ష్యమండీ. వచ్చే నెల కూడికలో అమ్మాయిని స్టేజి ఎక్కిద్దాం” అన్నారు. ఫోన్ తీసి ఫొటోకి సిద్ధమయ్యారు. “స్టేజి ఎక్కితే నేనే ఎక్కుతానండీ. ఆ ఆదివారం ఏం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను, మైకు ఇస్తారా?” అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నారు. ఆయన మైకు ఇవ్వకపోయినా ఒక రోజు గూడెం వెళ్లి స్త్రీల సమాజంలో చెప్పాను. సగం మంది లేచి వెళ్లిపోయారు. మిగతావాళ్లు నేల చూస్తూ కూర్చున్నారు.

నువ్వు సంతకం మానేసి వచ్చేస్తానన్నావని సలోమికి చెప్పాను. అప్పుడంది, “వదిన నా కోసం ఆగాల్సింది ఆ ఆదివారమండీ. ఆవిడకి తెలియనివ్వలేదు, ఆవిడ తప్పు లేదు. ఇప్పుడు వచ్చి ఏం చేస్తారు? అక్కడ పద్దెనిమిది మంచాలున్నాయని కాగితంలో రాశారు. వస్తే రమ్మనండి, నా పేరు చెప్పి మాత్రం వాళ్లని వదిలిపెట్టొద్దని రాయండి.” ఆ పిల్ల అన్నది అన్నట్టు రాశాను, ఒక్క ముక్క కలపలేదు.

నిన్న ట్యూబు తీశారు. ఇవాళ పొద్దున పక్కబట్ట పొడిగా ఉంది. సలోమి అరచేత్తో తడిమి చూసుకుంది, మళ్లీ చూసుకుంది. నేను ఏడిస్తే, “ఏడవకండి, పక్క మంచం వాళ్లు చూస్తున్నారు” అని విసుక్కుంది.

పది గంటలకి ఉదయ్ వచ్చాడు. నేను చెప్పలేదు, వాడే ఎవరి ద్వారానో తెలుసుకుని వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సంచిలో బత్తాయిలు తెచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, “బాగైపోయిందంట కదా. ఇంటికెళ్దాం సలోమీ” అన్నాడు.

“బాగవకపోతే?” అంది.

వాడు నా వైపు చూశాడు, నేనేదో ఒకటి చెబుతానని. చిన్నప్పటి నుంచీ వాడికి నేను చెప్పడం, వాడు చేయడం అలవాటు. నేను పక్కబట్ట సర్దుకుంటూ ఉండిపోయాను. వాడు సంచి అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ప్రశ్న వాడినొక్కణ్ణే అడిగిందనుకోవడానికి నాకు సిగ్గేసింది. నేనూ మెల్లగా లేచాను.

“మీరెక్కడికి?” అంది.

“బయట కూర్చుంటానమ్మా.”

“బయట కూర్చుంటే నన్ను బాత్రూం దాకా ఎవరు నడిపిస్తారు?”

ముఖం గోడ వైపే ఉంది, నా వైపు తిప్పలేదు. క్షమించానని అనలేదు, నేను అడగనూ లేదు. చెయ్యి మాత్రం ఇటు చాపింది. పట్టుకున్నాను. వరండా చివరి దాకా నడిచి వచ్చాం.

దీవెనమ్మ.